వాసన ఎలా ఉంది, చెప్పు

నాకు అన్నిటికంటే పెద్ద భయం గ్యాస్. బల్లులంటే భయం లేదు, చీకటంటే లేదు. మా అత్తగారంటే కొంచెం ఉంది కానీ ఆవిడ ముందు కబురు చేసి వస్తారు. గ్యాస్ చెప్పి రాదు. నేను ఏదో పనిలో ఉంటాను, గ్యాస్ లీకవుతుంది, పక్క గదిలో నిద్రపోతున్న నా కూతురు ఇక లేవదు. నా భయం ఇంతే. పిల్లని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న రోజు మొదలైంది, పిల్లతో పాటే పెరిగింది.

అందుకని నా ముక్కు ఎప్పుడూ కాపలా కాస్తూ ఉండేది. గడప దాటే ముందు సిలిండర్ రెగ్యులేటర్ తిప్పి చూసేదాన్ని. మెట్ల దాకా వెళ్ళాక, తిప్పానా, తిప్పాననుకున్నానా అని అనుమానం వచ్చి, వెనక్కి వచ్చి మళ్ళీ చూసేదాన్ని. మా ఆయన లిఫ్టు మెకానిక్. మధ్యలో ఆగిపోయిన లిఫ్టుల్లో ఇరుక్కున్న జనానికి బయట నుంచి "కంగారు పడకండి, వచ్చేశాం" అని చెప్పడం ఆయన ఉద్యోగంలో సగం. ఇంటికొచ్చాక అదే మాట నాకు ఉచితంగా చెప్పేవారు. నేను పిలిచినప్పుడల్లా వచ్చి పైపుకి సబ్బు నురగ పూసి చూసే గ్యాస్ మెకానిక్ అయితే ఒకరోజు చేతులు తుడుచుకుంటూ, "అమ్మా, మీ ఇంట్లో లీకయ్యేది ఒక్కటే, మీ ధైర్యం," అన్నాడు. మా ఆయన నవ్వాపుకోలేక బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత క్యాబేజీ సంగతి జరిగింది.

ఒక ఉదయం మెట్ల మీద నాకు ఆ వాసన తగిలింది. కుళ్ళిన వెల్లుల్లి లాంటి, గొంతులో గీసుకుపోయే వాసన. పిల్లని చంకనేసుకుని ప్రతి తలుపూ బాదాను. ఎలా ఉన్నవాళ్ళు అలా వీధిలోకి వచ్చేశారు. ఒకాయన గడ్డం సగం గీసుకుని, సగం నురగతో వచ్చాడు. గ్యాస్ మెకానిక్ అన్ని ఇళ్ళూ వెతికి, చివరికి పై అంతస్తు ఆవిడ బాల్కనీలో ఒక సంచీ దగ్గర ఆగాడు. లోపల మర్చిపోయిన క్యాబేజీ. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే విన్నాను కానీ, నేను బిల్డింగంతా ఖాళీ చేయించి క్యాబేజీని పట్టాను.

ఆ రోజు నుంచి నా పేరు సైరన్. ఎదురుగా టీ కొట్టు నడిపే బాబాయ్ పెట్టాడు. "ఏమ్మా సైరన్, ఈ పూట లోకమంతా క్షేమమేనా?" అని రోడ్డు అవతల నుంచి అడిగేవాడు. మా ఆయన్ని సైరన్ మొగుడు అనేవాళ్ళు. ఆయన పైకి నవ్వేవారు కానీ, ఒకరోజు భోజనం చేస్తూ, "ఈసారి వాసన వస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి. తలుపులు బాదకు. సరేనా?" అన్నారు. సరే అన్నాను, పళ్ళెం వైపు చూస్తూ.

క్యాబేజీ రోజున వీధిలో నవ్వని మనిషి ఒక్కరే. కింద ఇంటి ఆవిడ.

ఆవిడ ఒకప్పుడు పెద్ద హోటల్లో బేకింగ్ పని చేసేవారు. మోకాళ్ళు మొరాయించాక అది మానేసి, ఇంట్లోనే కుకీలు చేసి టీ కొట్టుకీ, చుట్టుపక్కల దుకాణాలకీ ఇచ్చేవారు. క్యారమెల్ చాక్లెట్ చిప్ కుకీలు. వాటి కోసం వేరే వీధుల నుంచి వచ్చి బాబాయ్ దగ్గర టీ తాగేవాళ్ళున్నారు. అందరూ ఆవిడని బిస్కెట్ అత్త అంటారు. ఆ మాట ఆవిడకి గిట్టదు. "బిస్కెట్ అంటే కొరికితే టక్కుమనాలి. ఇది కుకీ. అంచు కరకర, నడుమ మెత్తన. ఎన్నేళ్ళు చెప్పినా ఒక్క బుర్రకీ ఎక్కదు," అనేవారు. ఎక్కలేదు. బిస్కెట్ అత్తగానే ఉండిపోయారు.

జనం నవ్వుకుంటూ ఎవరి ఇళ్ళలోకి వాళ్ళు వెళ్తుంటే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"మూడో అంతస్తులో ఉన్న క్యాబేజీ నీకు మొదటి అంతస్తు మెట్ల మీద తెలిసిందా?"

"తప్పైపోయింది అత్తా. గ్యాసనుకున్నా."

"తప్పని ఎవరన్నారు? అడిగిందానికి చెప్పు. అక్కడి నుంచి తెలిసిందా, లేదా?"

"తెలిసింది."

ఆవిడ నా మొహంలోకి ఒక క్షణం చూశారు. సంతలో పనికొచ్చే సామాను కనిపించినప్పుడు చూస్తారే, అలా. "రేపు మధ్యాహ్నం కిందకి రా. కుకీలు నేర్పిస్తా. పిల్లని కూడా తీసుకురా," అన్నారు.

జాలిపడి పిలుస్తున్నారనుకున్నాను. నలుగురిలో నగుబాటైన దాన్ని కదా, కాస్త తీపి పెట్టి పంపుదామని. అయినా వెళ్ళాను. ఆ రోజుల్లో నన్ను పేరు పెట్టకుండా పిలిచింది ఆవిడొక్కరే.

ఆవిడ వంటిల్లు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. గోడకి ఆనించి నా ఛాతీ ఎత్తున ఇనప ఓవెన్. హోటలు వాళ్ళు పాతదని తీసేస్తే తెచ్చుకున్నారు. గ్యాస్ ఓవెన్. పక్కన ఉన్న నాబ్ తిప్పి, కింద చిన్న కంతలో అగ్గిపుల్ల గీసి పెడితే భుగ్గుమని అంటుకుంటుంది. దాన్ని చూడగానే నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"అదేం కరవదు. లోపలికి రా," అన్నారు అత్త. "పిల్లని అదిగో, ఆ బల్ల అవతల కూర్చోబెట్టు. చక్కెర కరిగేటప్పుడు ఆ బల్ల ఎవరూ దాటకూడదు. అది పిల్లకీ చట్టమే, నీకూ చట్టమే."

బల్లని అడ్డంగా తిప్పి మూలని పశువుల దొడ్డిలా చేశారు. అందులో రెండు చెక్క గరిటెలు, ఒక ఖాళీ డబ్బా పడేశారు. మా అమ్మాయి దొరికింది కొరకడం తప్ప ఇంకో పని ఎరగదు. గరిటె కొరుకుతూ కూర్చుంది. "చిట్టెలుక" అన్నారు అత్త. అప్పటి నుంచి మాకందరికీ అది చిట్టెలుకే.

పొయ్యి మీద నల్లటి ఇనప గిన్నె పెట్టారు. అందులో చక్కెర పోశారు. చుక్క నీళ్ళు లేవు.

"కదపకు. గరిటె పెడితే గడ్డ కడుతుంది. గిన్నె పట్టుకుని ఊపు, అంతే."

అంచుల్లో చక్కెర చెమర్చడం మొదలుపెట్టింది. అప్పుడు అడిగారు.

"వాసన ఎలా ఉంది, చెప్పు."

నాకు బడి గుర్తొచ్చింది. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. నాన్న పని చోటు మారితే మేమూ మారాం, కొత్త చోట నన్ను బడిలో వేయడం ఎవరికీ గుర్తు రాలేదు. కానీ మాస్టారు పేరు పెట్టి లేపినప్పుడు అరచేతుల్లో పట్టే చెమట మాత్రం నాతో పాటే వచ్చింది. అడిగారంటే సరైన జవాబు ఒకటి ఉంటుంది, అది అందరికీ తెలిసి ఉంటుంది, నాకు తప్ప.

"ఇంకా ఏం రావట్లేదత్తా," అన్నాను, మెల్లగా.

"సరే. ఇప్పుడు?"

"పాకం లాగా."

"ఇప్పుడు?"

"వేయించిన పల్లీలు."

"పల్లీ గింజా? పొట్టా?"

ఇలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కళ్ళు మూసుకుని పీల్చాను. "గింజ. ఆగండి... ఇప్పుడు పొట్టు. ఇప్పుడు కప్పులో అడుక్కి ఎండిపోయిన కాఫీ."

ఆ మాట పూర్తయ్యీ కాకముందే గిన్నె దించి వెన్న ముక్కలు పడేశారు. గిన్నె బుసకొట్టింది. ఆ వెనకే మీగడ, చిటికెడు ఉప్పు. గరిటెతో నాలుగు తిప్పులు తిప్పేసరికి, ఇందాక పోసిన తెల్ల చక్కెర తేనెరంగు ముద్దయి మెరుస్తోంది. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, "కాఫీ వాసన మొదలయ్యేటప్పుడు దించాలి, ముదిరాక కాదు. ముదిరితే చేదు," అన్నారు. "బాగానే చెప్పావు."

బడిలో ఎవరూ అనని మాట.

ఒక సంగతి అప్పుడే గమనించాను. చక్కెర కరుగుతున్నంతసేపూ ఆవిడ గిన్నె వైపు చూడలేదు. నా మొహమే చూశారు. పరీక్ష పెట్టేవాళ్ళు అలాగే చూస్తారు కదా అనుకున్నాను. తెల్లగిన్నె పెట్టుకుంటే రంగు తెలుస్తుంది కదా అని కూడా అడిగాను. "ఈ గిన్నె నాతో పాటు హోటల్ నుంచి రిటైరైంది. దీన్ని వదలను," అన్నారు.

ఆ తర్వాత దాదాపు ప్రతి మధ్యాహ్నం వెళ్ళేదాన్ని. క్యారమెల్ గట్టిపడ్డాక శనగగింజంత ముక్కలుగా కోయడం నేర్చుకున్నాను. పిండి ముద్దలో చాక్లెట్ ముక్కలు ఎక్కడున్నా ఫర్వాలేదు, క్యారమెల్ ముక్కలు మాత్రం మధ్యలో దాగి ఉండాలి. అంచుకొస్తే కరిగి ట్రే మీదకి కారి మాడిపోతాయి. "పిల్లని దుప్పట్లో చుట్టినట్టు చుట్టు," అనేవారు. పిండిని ఫ్రిజ్‌లో పెట్టి చల్లారనివ్వాలి. తొందరపడి పెడితే కుకీ అప్పడంలా పరుచుకుంటుంది. నేను ఒకసారి తొందరపడ్డాను. ట్రే అంతా కలిసి ఒకే కుకీ అయింది. బాబాయ్ దాన్ని చూసి, "ఇది అమ్మడానికా, పరుచుకుని పడుకోడానికా?" అన్నాడు. ఆ రోజు మా ఆయన లిఫ్టు వాళ్ళంతా దాన్ని విరుచుకుని తిన్నారు. మళ్ళీ అలాంటిదే పంపమన్నారు.

ఓవెన్ లోంచి తీసినప్పుడు కుకీలు వణుకుతూ ఉంటాయి. ఉడకలేదేమో అనిపిస్తుంది. ముట్టుకోకూడదు. ట్రేని బల్ల మీద ఒకసారి దబ్బున కొట్టి వదిలేయాలి. చల్లారుతూ వాటంతటవే గట్టిపడతాయి. నాకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఏమీ చేయకుండా ఊరుకోవడం. "కూర్చో. అవి నీ కంటే తెలివైనవి," అనేవారు అత్త.

ఒక్కటి మాత్రం ఆగేది కాదు. ప్రశ్నలు. పాల గిన్నె నా ముక్కు కింద పెట్టి, "ఇవెలా ఉన్నాయి?" అనేవారు. వెన్న పొట్లం విప్పి, "ఇది కొత్తదా, పాతదా, చూసి చెప్పు." కుకీలు ఓవెన్‌లో ఉన్నప్పుడు, "ఇప్పుడు? ఇప్పుడు?" అప్పుడప్పుడు పనితో సంబంధం లేనివి కూడా. "వాన మొదలైంది కదా, మట్టి ఎలా ఉంది?" "చిట్టెలుక నెత్తి ఏం వాసన?" నేను వాసన చూసి, "పాలు, కొంచెం ఎండ, కొంచెం గరిటె చెక్క" అనేదాన్ని. అత్త కళ్ళు మూసుకుని, "ఊఁ, ఇంకా?" అనేవారు. ఎంత చెప్పినా ఇంకా అనేవారు. రోజులు గడిచేకొద్దీ నాకు చెమటలు పట్టడం మానేసింది. మాటలు కూడా దొరికేవి. మెట్లెక్కుతూ, ఇవాళ అడిగినవాటికి దేనికీ తప్పు చెప్పలేదు కదా అనుకుని నాలో నేనే మురిసిపోయేదాన్ని.

ఆవిడ మాత్రం కుకీ తిన్నప్పుడు, మాత్ర మింగినట్టు నమిలి మింగేవారు. "నాకు తీపి అంతగా ఎక్కదు," అనేవారు. నమ్మాను.

ఇక ఆ రోజు.

మధ్యాహ్నం, పిల్ల నిద్రలేచింది. మొహం కడిగి, చంకనేసుకుని, రెగ్యులేటర్ చూసుకుని కిందకి బయల్దేరాను. ఆ వేళకి మెట్ల మీద వెన్న వాసన మొదలవ్వాలి. మలుపు తిరిగాను. వెన్న లేదు. కుళ్ళిన వెల్లుల్లి.

కాళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ క్యాబేజీయే అని చెప్పుకున్నాను. గ్యాస్ మెకానిక్ నవ్వు గుర్తొచ్చింది. ముందు నాకు ఫోన్ చెయ్యి, తలుపులు బాదకు అన్న మాట గుర్తొచ్చింది. ఫోన్ తీశాను కూడా. ఆయన ఏ లిఫ్టు గొయ్యిలో ఉన్నారో, ఎత్తలేదు. ఇంకో మెట్టు దిగాను. వాసన చిక్కబడింది. ఇంకో మెట్టు. అది కిందనుంచే వస్తోంది.

కింద ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో ఇంకాసేపట్లో ఓవెన్ వెలిగించే వేళ.

నా చంకలో పిల్ల ఉంది. నేను పుట్టిన దగ్గర నుంచి పడ్డ భయాలన్నీ కలిపి ముద్ద చేస్తే ఎంతో, అంత భయం ఆ మెట్ల మీద నాకు పట్టింది. పైకి పరిగెత్తి తలుపేసుకోవచ్చు. దాన్ని ఎత్తుకుని వీధిలోకి పారిపోవచ్చు. వీధిలోకి వెళ్ళాలంటే అత్త గుమ్మం దాటాలి. దాటాను. గేటు దగ్గర టీ కొట్టు బాబాయ్ కుకీల డబ్బా కోసం వస్తున్నాడు.

"ఏమ్మా సైరన్, మళ్ళీ క్యాబేజీయా?" అన్నాడు.

నేను నా కూతుర్ని ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. మా అత్తగారి చేతికిచ్చినా పక్కనే నిలబడేదాన్ని. ఆ రోజు బాబాయ్ చేతుల్లో పెట్టేసి, "అవతలికి తీసుకుపో బాబాయ్. నీ పొయ్యి ఆర్పెయ్," అన్నాను. నా మొహంలో ఏం చూశాడో, పిల్లని గుండెకి హత్తుకుని రోడ్డు దాటాడు. నేను వెనక్కి తిరిగి అత్త ఇంట్లోకి వెళ్ళాను.

వంటింట్లో గాలి బరువుగా ఉంది. అత్త ఓవెన్ ముందు బాధగా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. పక్కనే బల్ల మీద కుకీల ట్రే. ఎడమ చేతిలో అగ్గిపెట్టె. కుడి చేతిలో పుల్ల.

సైరన్ అని పేరు మాత్రమే, అవసరానికి కూత రాలేదు. వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. గట్టిగా, గాజు చిట్లేంత గట్టిగా. పుల్ల కింద పడింది.

"ఏంటే?" అన్నారు అత్త, విసుగ్గా.

నాకు చదువులో ఏదీ నోటికి రాలేదు. గ్యాస్ మెకానిక్ ప్రతిసారీ చెప్పి వెళ్ళే పాఠం మాత్రం వచ్చు. నాబ్ కట్టెయ్, తలుపులు తెరువు, స్విచ్ ముట్టుకోకు, పుల్ల గీయకు. నాబ్ పూర్తిగా తెరిచి ఉంది. కట్టేశాను. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేశాను. పెరటి తలుపు, కిటికీలు తెరిచాను. అత్త చంకల కింద చేతులు వేసి లేపి, నడిపించుకుంటూ బయటికి తీసుకొచ్చాను. రోడ్డు దాటించి టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టాను.

బాబాయ్ పొయ్యి నిజంగానే ఆర్పేశాడు. మరుగుతున్న టీ అలాగే మీగడ కట్టింది. చిట్టెలుక ఆయన భుజం మీది తువ్వాలు కొరుకుతోంది. నా చేతుల్లోకి తీసుకుని దాని నెత్తి వాసన చూశాను. పాలు, ఎండ, టీ పొడి.

అత్త జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పారు. నాబ్ తిప్పి పుల్ల గీశారు, అది విరిగింది. ఇంకోటి తీసేలోగా దుకాణం వాళ్ళ ఫోన్ వచ్చింది. పెరట్లోకి వెళ్ళి మాట్లాడి, తిరిగొచ్చి, నాబ్ సంగతి మర్చిపోయి మళ్ళీ పుల్ల తీశారు. చెప్పడం అయ్యాక, చిన్నపిల్లలా నన్ను అడిగారు.

"వాసన... చాలా వచ్చిందా?"

"మెట్ల దాకా వచ్చిందత్తా. మీకు రాలేదా?"

ఆవిడ తన అరచేతుల వైపు చూసుకున్నారు.

"నాకు ఏదీ రాదే. పోయినేడు వచ్చిన జ్వరంతో పోయింది. జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. క్యారమెల్ రాదు, కాఫీ రాదు, మాడిందీ రాదు. నోట్లో పెట్టుకుంటే తీపని తెలుస్తుంది, ఉప్పని తెలుస్తుంది. అంతే. మిగతాదంతా అట్టముక్క."

"మరి నన్నడిగిన ప్రశ్నలు..."

"నిన్ను పరీక్ష చేశాననుకున్నావా?" అత్త నవ్వబోయారు, అది నవ్వులా రాలేదు. "నాకు తెలిసి అడగలేదమ్మాయ్. తెలియక అడిగాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు దించాను. నీ ముక్కు లేకపోతే ఎప్పుడో ఆ ఓవెన్ తలుపు మూసేసేదాన్ని. చెప్పుకోడానికి సిగ్గేసింది. వాసన రాని మనిషి చేసిన కుకీ ఎవరు తింటారు?"

ఇన్నాళ్ళూ నా జవాబు సరైందో కాదో అని ఆవిడ మొహంలో వెతుక్కున్నాను. అసలు జవాబు ఆవిడ దగ్గర లేనే లేదు. నా దగ్గరే ఉంది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతుక్కున్నాను. వాన మట్టి గురించి, పిల్ల నెత్తి గురించి ఇంకా, ఇంకా అని ఎందుకు అడిగేవారో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. అత్తకి కనపడకుండా పిల్ల గౌనుతో తుడుచుకున్నాను.

బాబాయ్ పొయ్యి మళ్ళీ వెలిగిస్తూ, మా వైపు తిరగకుండానే అన్నాడు. "పోయినేడు ఒకసారి పాడైన వెన్నతో చేసి పంపావు, గుర్తుందా?"

అత్త తలెత్తారు. "నాకెవరూ చెప్పలేదే."

"నేను చెప్తేగా? డబ్బా మొత్తం పారబోసి, అమ్ముడయ్యాయన్నాను. ఏదో అయిందని అప్పుడే అనుకున్నా. మరి ఈ మధ్య మళ్ళీ ఎప్పటిలా ఎలా కుదురుతున్నాయా అని చూస్తున్నా." నా వైపు గరిటె చూపించాడు. "ఇదన్నమాట సంగతి."

"ఇంకెవరికీ చెప్పకు," అన్నారు అత్త.

"టీ కొట్టువాడు మాట దాచలేడంటారు. నువ్వు కుకీలు పంపుతున్నన్నాళ్ళు దాస్తాను. బిస్కెట్లు పంపితే దాయను."

అప్పుడు నవ్వారు అత్త. సరిగ్గా నవ్వారు.

మా ఆయన సాయంత్రం వచ్చారు. నేను ఫోన్ చేసినప్పుడు ఆయన నిజంగానే లిఫ్టు గొయ్యిలో ఉన్నారట. జరిగిందంతా విని, మా అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. తర్వాత, "ఇకమీదట వాసనొస్తే ముందు తలుపులు బాదు. నాకు తర్వాత చెప్పు," అన్నారు. అంతే అన్నారు. ఆ వారంలోనే అత్త వంటింట్లో గ్యాస్‌ని పసిగట్టి కూతపెట్టే చిన్న పెట్టె ఒకటి తెచ్చి బిగించారు. అత్త దానికి చిన్న సైరన్ అని పేరు పెట్టారు. "పెద్ద సైరన్ మధ్యాహ్నం వస్తుంది," అని వచ్చినవాళ్ళకి చెప్పేవారు. ఆ పేరు నాకు అప్పటి నుంచి చేదుగా అనిపించలేదు.

భయం పోయిందా అంటే పోలేదు. ఇప్పటికీ గడప దాటే ముందు రెగ్యులేటర్ చూస్తాను. కాకపోతే ఒక్కసారే చూస్తాను. నా ముక్కు చెప్పింది నమ్ముతాను. ఆ నమ్మకం నాకు ఆవిడ ఇచ్చిందే, అది కూడా పాఠంలా కాదు, అవసరపడి ఇచ్చారు. ఎవరైనా జాలితో పిలిస్తే కుకీ తినేసి వచ్చేదాన్ని. నాతో పని ఉండి పిలిచారు కాబట్టి మనిషినయ్యాను. ఈ మాట ఆవిడ ముందు అంటే, "కబుర్లు చాలు, పాలు చూడు," అంటారు.

ఇప్పుడు మేం ఆ ఇంట్లో లేము. మా ఆయనకి పని ఊరి అవతలి కొసకి మారింది. సామాను బండి ఎక్కించే రోజున అత్త కుకీల డబ్బా ఇచ్చి, గుమ్మంలో నిలబడి, "వెళ్ళేముందు ఒక్కసారి చెప్పు. మన మెట్లు ఎలా ఉన్నాయి?" అని అడిగారు. వెన్న, తడి సున్నం, పై అంతస్తు వాళ్ళ సబ్బు, బాబాయ్ టీ అని చెప్పాను. ఊఁ అన్నారు. ఆ ఒక్కసారి మాత్రం ఇంకా అని అడగలేదు.

కొత్త ఇంట్లో నాకు కరెంటు ఓవెన్ ఉంది. తెల్లగిన్నె కొనుక్కోమని మా ఆయన అన్నారు, నేను నల్లటి ఇనప గిన్నె కొన్నాను. చిట్టెలుకని బల్ల అవతల కూర్చోబెట్టి, "వాసన ఎలా ఉంది, చెప్పు," అంటాను. అన్నిటికీ "బావుంది" అంటుంది. ఇంకా చాలా నేర్పాలి.

అత్తకి ఫోన్ చేస్తుంటాను. బాగున్నాను అంటారు. ఏడాది పొడుగునా అందరి కళ్ళ ముందూ బాగున్నట్టే ఉన్న మనిషి. ఆ మాట నేనెలా నమ్మను? మా ఆయన పెట్టిన పెట్టెకి గ్యాస్ తెలుస్తుంది కానీ, పాల సంగతి తెలియదు, వెన్న సంగతి తెలియదు. బాబాయ్ కొట్టు వదిలి రాలేడు. ఫోన్‌లో వాసన రాదు. ఇదంతా రాస్తానంటే అత్త ఒప్పుకున్నారు. "దాచింది చాల్లే, రాయి. బిస్కెట్ అని రాస్తే మాత్రం ఊరుకోను," అన్నారు.

అందుకని, మీరెవరో నాకు తెలియకపోయినా అడుగుతున్నాను. మేం ఖాళీ చేసిన ఇంట్లో మీరే దిగి ఉంటే, లేదా ఆ వీధిన వెళ్ళే పని మీకుంటే, ఎదురుగా టీ కొట్టున్న బిల్డింగ్ చూడండి. కింద ఇల్లు, ఆకుపచ్చ తలుపు, గుమ్మంలో గోడకి ఆనించి ఇనప ట్రేలు ఆరుతుంటాయి. మధ్యాహ్నం పూట ఒక్కసారి ఆగి తలుపు తట్టండి. లోపలికి రమ్మంటారు. నల్లగిన్నె పొయ్యి మీద ఉంటుంది. వాసన ఎలా ఉంది, చెప్పు అని అడుగుతారు. ఊరికే బావుందనకండి. ఒక్క క్షణం నిలబడి, గట్టిగా పీల్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.